ఇల్లు కాలకముందే నుయ్యి

(అగ్నిమాపక సేవా వారోత్సవం సందర్భంగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, దుర్గ్ జిల్లాలోని ఉతైలో తెలుగు విద్యార్థులు, కార్మిక కుటుంబాలు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను అగ్నిమాపక దళంలో పనిచేసినవాణ్ణి కాను. హిందీ నుండి తెలుగులోనికి అనువదించడం నా వృత్తి. మంటలతో పోరాడిన అనుభవం లేనివానికి ఈ వేదికపై ఏమి పని అని మీరు అడుగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. నేను చేసిన ఒక అనువాద దోషమే నన్ను ఈ విషయం వద్దకు తీసుకువచ్చింది. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను. ముందుగా ఒక సామెతతో ప్రారంభిస్తాను.

"ఇల్లు కాలుతున్నప్పుడు నుయ్యి తవ్వినట్లు" అని తెలుగువారు అంటారు. హిందీవారు "ఆగ్ లగ్నే పర్ కువా ఖోద్నా" అంటారు. మాటకు మాట సరిపోతుంది. అనువాదకునికి ఇంతకంటె సుఖం లేదు. గోదావరి గట్టున ఉన్న రైతూ, శివనాథ్ నది ఒడ్డున ఉన్న రైతూ ఒకే అనుభవం నుండి ఒకే మాటను పుట్టించుకొన్నారన్నమాట. నిప్పుకు భాషాభేదం లేదు. కనుక నిప్పును గూర్చిన వివేకానికి కూడా ఎల్లలు ఉండనక్కరలేదు.

మన పల్లెలలో తాటాకు ఇళ్లు, పూరిళ్లు విరివిగా ఉన్న రోజులలో వేసవి వచ్చిందంటే గృహిణుల గుండెలు గుబగుబలాడేవి. పడమటి గాలి లేచిన మధ్యాహ్నం ఒక పొయ్యిలోని నిప్పురవ్వ చాలు, వాడంతా బూడిద కావడానికి. అప్పుడు ఊరి జనమే అగ్నిమాపక దళం. నూతి వద్ద నుండి కాలే ఇంటి వరకు బారులు తీరి కడవలు చేతులు మార్చేవారు. కొందరు తడిపిన గోనె సంచులతో ప్రక్క ఇళ్ల కప్పులపైకి ఎక్కేవారు. మరికొందరు కొక్కెపు గడలతో ఇంకా అంటుకోని ఇంటి కప్పును లాగివేసేవారు. చూచేవారికి ఇది విధ్వంసంగా కనిపించవచ్చు. కాని అందులో శాస్త్రం ఉన్నది. మంటకు మూడు కావాలి: మండే వస్తువు, గాలిలోని ప్రాణవాయువు, తగినంత వేడి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తొలగించినా మంట నిలువదు. కడవనీరు వేడిని తీసివేస్తుంది. తడిగోనె గాలిని అడ్డగిస్తుంది. కొక్కెపు గడ మండే వస్తువును దూరం చేస్తుంది. పాఠశాల గడప తొక్కని మన తాతలు ఈ మూడు సూత్రాలను ఆచరణలో ఎరిగినవారే.

వారికంటె ఎంతో ముందు కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో నగర పాలకుని విధులను వివరిస్తూ, అగ్ని ప్రమాద నివారణకు సవిస్తరమైన నియమాలు పొందుపరచాడు. గ్రీష్మంలో పట్టపగలు వంటనిప్పు రాజేయరాదు. రాజేయవలసివస్తే ఇంటి వెలుపల రాజేయాలి. ప్రతి గృహస్థూ ఐదు నీటి కుండలు, నీటితొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, తోలుతిత్తి మొదలైనవి సిద్ధంగా ఉంచుకోవాలి. లేకపోతే జరిమానా. వీధులలోను, నాలుగు దారుల కూడళ్లలోను వేలకొలది నీటి కుండలు బారులుగా నిలిపి ఉంచాలి. కమ్మరుల వంటి, నిప్పుతో బ్రతికేవారికి ఒకేచోట నివాసం ఏర్పరచాలి. ఇల్లు తగులబడుతుంటే పరుగెత్తి రాని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవానికి 6 పణాలు దండన. అజాగ్రత్త వల్ల నిప్పు అంటుకొంటే 54 పణాలు.

ఈ నియమాలలో నన్ను ఆకర్షించినది జరిమానాల లెక్క కాదు. వీటిలో అధిక భాగం మంట లేచిన తరువాతి సంగతులు కావు, లేవక ముందటివి. కుండలు నింపి ఉన్నవా, నిచ్చెన చేరువలో ఉన్నదా అని నగర పాలకుడు అడుగుతున్నాడు. ఇల్లు కాలకముందే నుయ్యి తవ్వి ఉంచడమంటే ఇదే.

కుండ నుండి యంత్రానికి మానవుడు చేసిన ప్రయాణం దీర్ఘమైనది. 17వ శతాబ్దంలో, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, యాన్ వాన్ డెర్ హైడెన్ అనే చిత్రకారుడు తోలుగొట్టాన్ని పంపుకు జోడించాడు. అంతవరకు మంట వద్దకు నీటిని మోసుకొనిపోయేవారు. ఆ గొట్టంతో నీరు తానే మంట వద్దకు నడిచిపోయింది. చేతిపంపు తరువాత ఆవిరి పంపు, దాని తరువాత మోటారు బండి వచ్చాయి. మన దేశంలో మొదట పెద్ద రేవు పట్టణాలలోను, తరువాత ఇతర నగరాలలోను వేతనం పొందే దళాలు ఏర్పడ్డాయి. నేడు నీటి బండ్లతో పాటు నూనె మంటలపై నురుగు చిమ్మే బండ్లు, పొడి రసాయనాన్ని వెదజల్లే బండ్లు, మేడల ఎత్తుకు లేచే నిచ్చెనలు, వీపున మోసుకొనే గాలి సిలిండర్లు మన దళాలకు ఉన్నాయి.

అయితే యంత్రం ఎంత పెద్దదైనా నిర్ణయం తీసుకోవలసినది మనిషే. ఈ వారోత్సవం ఏప్రిల్ 14వ తేదీననే ఎందుకు మొదలవుతుందో విద్యార్థులు తెలుసుకోవాలి. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో మంట లేచింది. ఆ ఓడలో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు కలిసి ఉన్నాయి. దళాలు వచ్చి నీరు కురిపించాయి. ఓడను సముద్రంలోనికి తరలించడమా, ఉన్నచోటనే ముంచివేయడమా అనే నిర్ణయం సకాలంలో జరుగలేదు. సాయంకాలం నాలుగు గంటలు దాటగానే ఓడ పేలిపోయింది. వందలాది ప్రజలు మరణించారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారికి ధైర్యం తక్కువై కాదు, పంపులు చాలక కాదు. ఓడలో ఉన్నది ఏమిటి, ఎవరు ఆజ్ఞ ఇవ్వాలి అన్న రెండు సంగతులు మంటకు ముందే తేలకపోవడం వల్ల ఆ ప్రాణాలు పోయాయి.

ఇక మన భిలాయి సంగతికి వస్తాను. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఈ ఉక్కు కర్మాగారం రూపు దాల్చింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తట్టా బుట్టా సర్దుకొని వచ్చిన మనవారు, బెంగాలీలు, ఒరియావారు, మలయాళీలు, పంజాబీలు, ఈ నేలకు సొంతబిడ్డలైన ఛత్తీస్‌గఢీలు చేతులు కలిపి నిలబెట్టిన కొలిమి ఇది. ఇక్కడ నిప్పు శత్రువు కాదు, అన్నం పెట్టే దొర. ఆ దొర కోపం వేరు, పూరింటి మంట వేరు.

పూరింటికి నీరు పరమ మిత్రం. కరిగిన ఇనుము వద్ద ఆ నీరే ప్రాణాంతకం. నీరు ఆవిరిగా మారితే దాని పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. కరిగిన లోహం క్రింద చిక్కిన కొద్దిపాటి నీరు క్షణంలో ఆవిరియై లోహాన్ని ఫిరంగి గుండువలె ఎగజిమ్ముతుంది. కాబట్టి కొలిమి వద్ద పనిచేసేవాడు కడవ ఎత్తుకొని పరుగెత్తరాదు. తాతలు నేర్పిన పాఠాన్ని ఇక్కడ ఒక పుట తిరుగవేసి చదువుకోవాలి.

గొట్టాలలో ప్రవహించే వాయువుల సంగతి మరీ సూక్ష్మమైనది. బ్లాస్ట్ ఫర్నేసు వాయువులో కార్బన్ మోనాక్సైడ్ అధికంగా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఊపిరాడక కూలిపోతాడు. అతనిని లేవదీయడానికి ఉత్త ముఖంతో పరుగెత్తినవాడు అతని ప్రక్కనే కూలుతాడు. కోక్ ఓవెన్ వాయువులో హైడ్రోజన్, మీథేన్ అధికం. అది త్వరగా రాజుకొంటుంది. ఇంకొక చిత్రమైన విషయం ఉన్నది. పగిలిన గొట్టం వద్ద వాయువు మండుతూ ఉంటే, వాయు ప్రవాహాన్ని అదుపులోనికి తేకుండా మంటను మాత్రమే ఆర్పివేయడం మంచిది కాదు. మండని వాయువు చుట్టూ పేరుకొని, మరొక నిప్పురవ్వకు పేలిపోతుంది. కనబడే మంటకంటె కనబడని వాయువే భయంకరం.

ఇవి పుస్తకాల ముచ్చట్లు కావు. 2014 జూన్ 12న ఇదే కర్మాగారంలో నీటి పంపుల గృహం వద్ద ఏర్పడిన లోపం వల్ల నీటి ఒత్తిడి పడిపోయి, బ్లాస్ట్ ఫర్నేసు వాయువు బయటపడింది. ఆరుగురు మరణించారు. మృతులలో ఉన్నతాధికారులు కూడా ఉన్నారు. వాయువు హోదాను చూడదు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ వాయువు గొట్టం వద్ద నిర్వహణ పని సాగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అగ్నిమాపక విభాగపు సిబ్బంది కూడా ఉన్నారు. ఇతరులకు రక్షణగా నిలబడడానికి వెళ్లినవారే ఆహుతి అయ్యారు. ఈ సభలో వారిని ఎరిగినవారు ఉండవచ్చు. వారి స్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

మన తెలుగునాట కూడా ఇట్టి గాయాలు ఉన్నాయి. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద చమురు బావి బద్దలై రెండు నెలలకు పైగా మండింది. కొబ్బరి తోటల మధ్య రాత్రింబవళ్లు పగలుగా మారిన ఆ దినాలను అక్కడి పెద్దలు నేటికీ చెప్పుకొంటారు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారంలో వాయువు బయటికి పొక్కి అంటుకొని యాభై మందికి పైగా మరణించారు. పరిశ్రమ ఉన్న ప్రతి చోటా ఈ పాఠం రక్తంతోనే వ్రాయబడినది. కొత్త పుటలు అట్లు వ్రాయబడకుండా చూడడం మన చేతిలో ఉన్నది.

అందుకు దేశం చేసుకొన్న ఏర్పాట్లలో ఈ ఉతైకి కూడా భాగం ఉన్నది. 1968 చట్టం ప్రకారం 1969 మార్చి 10న కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఏర్పడింది. మరుసటి ఏడాది కేరళలోని ఒక ఎరువుల కర్మాగారంలో కొద్దిమందితో ఆ దళానికి అగ్నిమాపక విభాగం మొదలైంది. ఈ ఉతైలో ఆ దళపు ప్రాంతీయ శిక్షణ కేంద్రం ఉన్నది. దాని అగ్నిమాపక శిక్షణ సంస్థ హైదరాబాదు శివారున హకీంపేటలో ఉన్నది. దేశానికంతటికి అగ్నిమాపక అధికారులను తయారుచేసే జాతీయ కళాశాల మనకు పొరుగున నాగపూర్‌లో ఉన్నది. ఒక తమిళ యువకుడు ఉతైలో కవాతు నేర్చి, ఒక అస్సామీ యువకుడు హకీంపేటలో గొట్టం పట్టడం నేర్చి, దేశపు మరొక మూలన ఉన్న కర్మాగారానికి కావలి కాస్తాడు. సమైక్యత అంటే ఏమిటి అని ఎవరైనా అడిగితే నేను ఈ కావలిని చూపుతాను.

ఇప్పుడు నా దోషం సంగతి. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక కర్మాగారపు భద్రతా సూచనలను తెలుగులోనికి అనువదించే పని నాకు వచ్చింది. వాయువు బయటపడినప్పుడు గాలి వాటం చూచుకొని దానికి విపరీత దిశలో వెళ్లవలసిందని హిందీ మూలంలో ఉన్నది. నేను "గాలి వీచే దిక్కుకు వెళ్లవలెను" అని వ్రాశాను. తూర్పుగాలి అంటే తూర్పు నుండి వచ్చే గాలి కదా, గాలి వీచే దిక్కు అంటే అది వచ్చే దిక్కే అని నా భావం. వాక్యం చెవికి ఇంపుగా ఉన్నదని సంతోషించాను కూడా.

అచ్చుకు పోకముందు ఆ ప్రతిని కొందరు కార్మికులకు చదివి వినిపించారు. వారిలో శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన ఒక వృద్ధ కార్మికుడు ఉన్నాడు. ఆయన శ్రద్ధగా విని, "బాబూ, గాలి వీచే దిక్కంటే ఎటు? వచ్చే దిక్కా, పోయే దిక్కా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఆ వాక్యాన్ని రెండు విధాలా చదువవచ్చు. ఒక విధంగా చదివినవాడు బ్రతుకుతాడు. రెండవ విధంగా చదివినవాడు విషవాయువుతో పాటే నడిచి పోతాడు.

ఆయనే దారి చూపాడు. "కళ్లంలో తూర్పారబట్టడం చూశారు కదా? పొట్టు ఎగిరే వైపు ఎవరైనా నిలబడతారా? పొట్టులోంచి అడ్డదిడ్డంగా పోతారా? పక్కకు తప్పుకొని, గాలి వచ్చే వైపుకు చేరతారు. అలా రాయండి" అన్నాడు. శాస్త్రం చెప్పేది కూడా అదే. వాయువు దారిలో మనం చిక్కుకొంటే ఎదురుగా దాని మూలం వైపే నడువరాదు. ముందు గాలికి అడ్డంగా ప్రక్కకు తప్పుకోవాలి, ఆ పిమ్మట గాలి వచ్చే దిక్కుకు చేరాలి. ఎత్తున కట్టిన గాలిసంచి ఎటు ఊగుతున్నదో చూస్తే, పొట్టు ఎటు ఎగురుతున్నదో తెలిసినట్టే. నేను నా వాక్యాన్ని కొట్టివేసి ఆయన మాటనే వ్రాశాను. స్నాతకోత్తర పట్టా నాకు నేర్పని పాఠాన్ని ఒక కళ్లం నేర్పింది.

అప్పటినుండి ఈ రంగపు మాటలను శ్రద్ధగా గమనిస్తున్నాను. మనం అగ్నిమాపకం అంటాము. ఇందులో "మాపు" అనేది రూపుమాపడం అనే మన తెలుగు ధాతువే. కాని హిందీలో "మాపక్" అంటే కొలిచేది. తాపమాపక్ అంటే ఉష్ణమాపకం. మన బండి మీది పేరును హిందీవాడు కూడబలుక్కొని చదివితే, ఇది మంటను కొలిచే బండి కాబోలు అనుకొంటాడు! వారు అగ్నిశమన్ అంటారు, లేదా వాడుకగా దమ్‌కల్ అంటారు. దమ్ అంటే ఊపిరి, కల్ అంటే యంత్రం. ఛత్తీస్‌గఢీ పల్లెవాడు నిప్పును "ఆగీ" అని పిలుస్తాడు. ఇవి నవ్వుకోదగిన ముచ్చట్లే. కాని పొగ కమ్మిన షెడ్డులో, ప్రాణభయంతో వణికే మనిషికి నిఘంటువు తిరుగవేసే తీరిక ఉండదు. ఆ క్షణంలో మనిషికి తల్లిభాషే ముందు వినబడుతుంది. కనుక ప్రమాద సూచన ప్రతి కార్మికునికి తన భాషలో అంది ఉండాలి. దానితో పాటు తోటివాడు కేకవేసే భాషలో కనీసం పది మాటలు అతనికి తెలిసి ఉండాలి. "భాగో", "రుకో", "గ్యాస్ హై" అన్న మాటలు తెలుగువానికి, "పారిపో", "ఆగు", "గ్యాస్ ఉంది" అన్న మాటలు హిందీవానికి తెలిసి ఉండడం పాండిత్యం కాదు, ప్రాణరక్షణ.

ఇక్కడ మనకొక చిక్కు ఉన్నది. తెలుగులో "ఆగు" అంటే కదలకు అని. ఛత్తీస్‌గఢీవాని చెవికి అది ఆగీ, అనగా నిప్పు అన్నట్లు వినబడవచ్చు. ఇటువంటి చిక్కులను ప్రమాదం రాకముందే, నలుగురూ కలిసి అభ్యాసం చేసే రోజున విప్పుకోవాలి. భాషలో కూడా నుయ్యి ముందుగానే తవ్వుకోవాలి.

విద్యార్థులకు ఒకటి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మీ పాఠశాలలో గోడకు వ్రేలాడే ఎర్రని అగ్నిమాపక సిలిండరు అలంకారం కాదు. దాని మీద ఏయే మంటలకు పనికివస్తుందో, ఎప్పుడు పరీక్షింపబడినదో వ్రాసి ఉంటుంది. చదవండి. చీలను లాగి, గొట్టాన్ని మంట నాలుకల వైపు కాక మంట మొదలు వైపుకు గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపాలి. కాగే నూనె అంటుకొంటే నీరు పోయరాదు. పొయ్యి ఆర్పి, మూత మూయాలి. విద్యుత్ తీగల వద్ద ముందు కరెంటు ఆపాలి. పొగలో నడువరాదు, నేలకు వంగి ప్రాకాలి. వాయువుకు పడిపోయినవానిని చూచి పరుగెత్తరాదు. ముందు కేకవేయాలి, గాలి సిలిండరు ధరించినవారిని పిలువాలి. ఇది పిరికితనం కాదు. రెండవ శవం కాకుండా ఉండడమే మొదటి సహాయం.

అగ్నిమాపక దళానికి 101, అన్ని అత్యవసరాలకు 112, అంబులెన్సుకు 108. ఈ మూడవ సంఖ్య మనకు ప్రత్యేకమైనది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవను తరువాత ఛత్తీస్‌గఢ్‌తో సహా అనేక రాష్ట్రాలు స్వీకరించాయి. మన ఊరి మంచి పొరుగూరికి చేరడం అంటే ఇదే. ఫోను చేసినప్పుడు మొదట చోటు చెప్పండి, తరువాత కాలుతున్నది ఏమిటో చెప్పండి, లోపల మనుషులు ఉన్నారేమో చెప్పండి. అవతలివారు ఫోను పెట్టేవరకు మీరు పెట్టకండి.

ఈ సాయంకాలం ఇంటికి వెళ్లిన తరువాత ఒక్క పని చేయమని కోరుతున్నాను. మీ ప్రక్క క్వార్టరులో వేరొక భాష మాట్లాడే కుటుంబం ఉంటే, మంట వస్తే వారు ఏమని కేకవేస్తారో అడిగి తెలుసుకోండి. మీరు ఏమని కేకవేస్తారో వారికి చెప్పండి. అయిదు నిమిషాల పని. కౌటిల్యుడు కూడళ్లలో నిలిపి ఉంచమన్న నీటి కుండలకు ఈ కాలంలో మనం జోడించగల కుండ ఇదే. అది నిండి ఉన్నదో లేదో మంట లేచిన నాడు కాక నేడే చూచుకొందాము.